లండన్‌కి ఎన్ని గంటల మొగ్గ

నేను చెబుతుంటే దీన్ని రాసిపెడుతున్నది మా వీధి లెక్కల టీచరమ్మ. ఇందులో మొదటి తప్పు ఆమెదే కాబట్టి, ఒక్క ముక్క కూడా కొట్టేయకూడదని ముందే మాట తీసుకున్నాను.

మద్రాసులో మాధవరం బస్టాండు దగ్గర పూలు కట్టి అమ్ముతాను. మా ఆయన పోయినప్పటి నుంచి అదే బతుకు. చదువు రాదు గానీ, మల్లెమొగ్గను వేళ్లతో నొక్కి చూస్తే అది ఎన్ని గంటలకు విచ్చుకుంటుందో చెప్పగలను. సాయంత్రం పెళ్లికైతే ముదురు మొగ్గ, ఊరు దాటి పోవాలంటే లేత మొగ్గ.

పోయిన ఎండాకాలం టీచరమ్మ లండన్ బయలుదేరింది. అక్కడ ఆమె చెల్లెలికి సీమంతం. విమానం దిగిన సాయంత్రమే వేడుక. చెల్లెలు కోరింది ఒక్కటే: జడ నిండా మద్రాసు మల్లెలు, అవి ఆ వేడుకలోనే విచ్చుకోవాలి. మొగుడు లేనిదాన్ని, సీమంతం పూలు నన్ను కట్టమంటావా అని అడిగాను. నీ చేతి ముడి ఊడదు, నువ్వే కట్టాలంది.

ఎంత దూరమన్నాను. ఎనిమిది వేల కిలోమీటర్ల పైనే అంది. కిలోమీటర్లతో నాకేం పని, గంటలు చెప్పమన్నాను. టికెట్ చూసింది. పొద్దున పదకొండుకు ఎక్కడం, సాయంత్రం ఐదున్నరకు దిగడం. వేళ్లు కూడా మడవకుండా ఆరున్నర గంటలని తేల్చేసింది. అయితే ముదురు మొగ్గ చాలనుకున్నాను.

తిరిగొచ్చేది ఎప్పుడని మాటవరసకు అడిగాను. అక్కడ మధ్యాహ్నం ఒంటిగంటకు ఎక్కితే, మర్నాడు తెల్లవారుజామున నాలుగుకు ఇక్కడ దిగుతుందట. దారం పక్కన పెట్టి వేళ్లు లెక్కపెట్టాను. పదిహేను.

“సౌకార్‌పేటకి పోయేదానికీ వచ్చేదానికీ నాకు ఒకటే టైము పడతాది. నీ విమానం పోయేటప్పుడు పరిగెత్తి, వచ్చేటప్పుడు కుంటతాదా టీచరమ్మా?”

కాసేపు టికెట్ వంక చూసి నెత్తి కొట్టుకుంది. అక్కడి గడియారం మనకన్నా నాలుగున్నర గంటలు వెనక నడుస్తుందట. అది కలపడం మరిచింది. అసలు ప్రయాణం పదకొండు గంటలు. పిల్లకాయలకు లెక్కలు ఎట్లా చెబుతావో ఏమో అంటే, ఈ పాఠం ఆరో క్లాసులో లేదంది.

బయలుదేరే రోజు పొద్దున్నే కోయంబేడు మార్కెట్లో పచ్చగా ఉన్న లేత మొగ్గలు ఏరి, కట్టి, తడి అరిటాకులో చుట్టి ఇచ్చాను. ఆ రోజంతా బేరం మీద నా మనసు లేదు.

అక్కడ ఇంకా ఎండ ఉందట, ఇక్కడ నేను పడుకున్నాను. ఫోను మోగింది.

“అక్కా, ఒక్క మొగ్గ కూడా విచ్చుకోలా. రాళ్ల మాదిరి ఉండాయి. ఈడ ఒకటే చలి. చెల్లి ముఖం చూడలేకపోతున్నా.”

ఈ తప్పు నాది. గంటలు అడిగాను గానీ, మొగ్గకు వేడి కావాలని తెలిసీ ఆ ఊరి చలి అడగలేదు.

“జడలో పెట్టెయ్యి. తల వేడికి అవే తెరుచుకుంటాయి. ఊరికే తొంగి తొంగి చూడబాక.”

పెట్టారు. గాజులు తొడిగేటప్పుడు ఏమీ లేదట. అందరూ అన్నానికి కూర్చున్నాక, ఈ వాసన ఎక్కడిదని వెనక నుంచి ఎవరో అడిగారట. చెల్లెలు జడ ముందుకు వేసుకుని చూసి ఏడ్చేసిందని, టీచరమ్మ తిరిగొచ్చాక చెప్పింది.

ఏడ్చింది చెల్లెలా, నువ్వా అన్నాను. ఆ రోజు తల వంచుకుని నా బుట్టలో మొగ్గలు ఏరింది. ఇప్పుడు ఇది రాస్తూ కూడా తల ఎత్తడం లేదు.