వెచ్చటి గోడ

ఊళ్లో సగం ఇళ్లకు వైరింగు చేసిన మనిషి ఆయన. ఎవరింటికి వెళ్లినా పని కంటే ముందు పాఠం మొదలుపెడతాడు: పొయ్యికి వేరే లైను, ఫ్రిజ్‌కు వేరే లైను, లోడు ఎక్కువైతే కరెంటు ఆపేది ఎంసీబీ, సన్న వైరు మీద పెద్దది వేస్తే ఇల్లు తగలబెట్టుకున్నట్టే. అందుకే జనం ఆయన్ని రూళ్ల మేస్త్రి అంటారు. మరి సొంతింటి సంగతి? అడక్కండి, తలుచుకుంటేనే ఒళ్లు మండుతుంది.

ఆయన భార్య దర్జీ. పెళ్లయిన కొత్తలో ఓ పాత మిషను ముందేసుకుని కూర్చున్న మనిషి, ఇప్పుడు వీధి వీధంతటికీ బట్టలు కుడుతోంది. మధ్యలో వంట, మంచం పట్టిన అత్తగారి సేవ. నోరు మెదపకుండా చేసుకుపోతుందని మంచి పేరు. ఆ పేరు ఆవిడకు ఏనాడూ నచ్చలేదు.

వంటింటి గోడలు నెమ్ము పట్టి పగలగొట్టాల్సి వచ్చింది. వంట అత్తగారి గదిలోకి మారింది. ఆ గదిలో ఉన్నది ఒకే ప్లగ్గు, అదీ మంచం వెనక. మేస్త్రి దానికో ఎక్స్‌టెన్షన్ బాక్సు తగిలించి, కరెంటు పొయ్యి, ఫ్రిజ్, మిక్సీ, కెటిల్ అన్నీ దానికే గుచ్చి చేతులు దులుపుకున్నాడు. పొయ్యి మీద అన్నం ఉండగా మిక్సీ వేస్తే చాలు, లోడు ఎక్కువై ఎంసీబీ పడిపోయేది. ఆవిడ ఫోన్ చేసేది, ఆయన విసుక్కునేవాడు. ఉన్నట్టుండి అది పడటం మానేసింది. "ఏం మంత్రం వేశారండీ?" అని ఆవిడ మురిసిపోయింది కూడా.

ఓ రోజు నడుముకు నూనె రాస్తుంటే అత్తగారు అంది: "ఈ మధ్య గోడ వెచ్చగా ఉంటోందే అమ్మాయ్. ఆనుకుంటే ఎంత హాయిగా ఉందో."

కోడలు గోడ మీద చెయ్యి పెట్టింది. వైరు మీది ప్లాస్టిక్ పట్టీ వేడికి మెత్తబడి ఉంది. చటుక్కున పొయ్యి ఆపేసింది. వెళ్లి ఎంసీబీల డబ్బా తెరిచి చూస్తే, పాతది తీసేసి దానికి రెట్టింపుది, వైరు మాడినా పడనిది, బిగించి ఉంది. ఇన్నేళ్లుగా అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా "ఎవడో వెధవ" చేశాడని ఆయన తిట్టిపోసే పని అదే! పరాయి ఇంట్లో అయితే నేరం. కదల్లేని కన్నతల్లి పక్కన అయితే మంత్రం.

సాయంత్రం నిలదీసింది.

"మూన్నాళ్ల ముచ్చటకి గదంతా లైన్లు లాగమంటావా? వంటిల్లు అయ్యేదాకా సర్దుకో."

"కచ్చా కుట్టు వేసిన చొక్కా తొడిగి నేనెవర్నైనా బయటికి పంపానా? మంట లేస్తే అత్తయ్య లేచి పరిగెత్తగలదా?"

"రేపు చూస్తాలే."

తెల్లారగానే సంచీ తగిలించుకుని ఎవరింటికో రూళ్లు చెప్పడానికి బయల్దేరాడు. చూశారా చోద్యం! ఆవిడ ఆ లైను ఆపేసి, బజారు అవతల కొత్తగా కొట్టు పెట్టిన ఇంకో మేస్త్రిని పిలిపించింది.

వచ్చినాయన ముందు, ఏవేవి ఒకేసారి వాడతారని అడిగాడు. పొయ్యికి మెయిన్ నుంచి లావు వైరుతో విడిగా లైను లాగాడు. ఫ్రిజ్‌కు ఒకటి, మిక్సీకీ కెటిల్‌కూ కలిపి ఇంకొకటి. షాక్ కొడితే చిటికెలో కరెంటు ఆపే స్విచ్ ఒకటి పెట్టాడు. అన్నీ మంచానికి ఎదుటి గోడ మీద, నీళ్ల బకెట్టుకు దూరంగా. ఆఖర్న పాత వైరు పీకి ఎత్తి పట్టుకున్నాడు. తొడుగు మాడి రాగి కనబడుతోంది.

"మనిషి వీపు ఆనించే చోట ఈ పని చేసినవాడు ఎవడమ్మా? వాడి చేతికి మళ్లీ స్క్రూడ్రైవర్ ఇవ్వకూడదు."

అప్పుడే వచ్చిన భర్త భుజాన సంచీతో గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చెప్పడానికి ఆవిడ దగ్గర చాలానే ఉంది. అయినా ఆయన వైపే చూసింది. ఆయన నోటితోనే చెప్పనీ.

"నేనే," అన్నాడు మేస్త్రి.

కొత్తాయన తల వంచుకుని సామాను సర్దుకున్నాడు.

ఆ సాయంత్రం పొయ్యి, మిక్సీ కలిసి నడిచాయి. ముసలావిడ వెనక్కి వాలి గోడ తడుముకుంది. "ఇదేంటే, గోడ చల్లబడిపోయింది? నడుముకి హాయిగా ఉండేది."

కోడలు మిషను ముందు కూర్చుంది. మేస్త్రి లేచి, కొత్త లైను మీద కెటిల్‌లో నీళ్లు కాచి, గుడ్డ ముంచి పిండాడు. "పక్కకి తిరుగమ్మా, కాపడం పెడతాను."

"రోజూ పెట్టండి," అంది ఆవిడ, మిషను మీంచి తలెత్తకుండా.