ఫ్యాన్ ఆపాక ఊగిన రెక్క

దయ్యాలను నేను నమ్మను. నమ్మేవాళ్ళ మీద జాలి కూడా లేదు, చిరాకే. పెనుకొండ కోటలో ఏదో చూశామని వచ్చి చెప్పే ఇంజనీరింగ్ విద్యార్థులకు డిగ్రీలెందుకని స్టాఫ్ రూములో బాహాటంగానే అనేవాణ్ణి.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో హిందూపురం దగ్గర ఒక కాలేజీలో పాఠాలు చెప్పేవాణ్ణి. విమానం రెక్క మీద గాలి ఎలా పారుతుందో చూడడానికి మా ల్యాబులో చిన్న విండ్ టన్నెల్ ఉండేది. అద్దాల పెట్టె, ఒక చివర పెద్ద ఫ్యాను. లోపల త్రికోణాకారంలో చెక్క రెక్క, డెల్టా వింగ్ అంటారు. దాని ముక్కు బాగా పైకెత్తి గాలి వదిలితే రెండు అంచుల మీదా సుడులు పుడతాయి. ఒకసారి ఈ సుడి, ఒకసారి ఆ సుడి బలహీనపడుతుంటే, బేరింగు మీదున్న రెక్క ఎడమకూ కుడికీ ఊగుతుంది. గాలి ఆగితే ఊగడం ఆగాలి. అంతే, ఇందులో మాయేమీ లేదు.

ల్యాబు అటెండరు మస్తాన్ ధర్మవరం నుంచి రోజూ ప్యాసింజరు రైల్లో వచ్చేవాడు. ఒక మధ్యాహ్నం స్టాఫ్ రూములోకి పరిగెత్తుకొచ్చాడు.

"సార్, ఫ్యాన్ ఆపేసినా రెక్క ఊగుతానే ఉండాది. ఒక్కసారి వచ్చి సూడండి సార్."

అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నేను.

"తాయెత్తు కట్టించుకో పో" అన్నాను. కుర్చీలోంచి లేవలేదు. పైగా, ల్యాబులో మూఢనమ్మకాలు ప్రచారం చేస్తున్నాడని ప్రిన్సిపాల్‌కు కాగితం రాశాను. అతనిది టెంపరరీ ఉద్యోగం. నెల తిరక్కుండా తీసేశారు.

తర్వాత సెలవుల్లో ఒకరోజు ల్యాబులో నేనొక్కణ్ణే ఉన్నాను. పగలు పదకొండు గంటలు. రీడింగులు తీస్తుండగా కరెంటు పోయింది. ఫ్యాను పూర్తిగా ఆగింది. రెక్క ఆగలేదు.

గాలి ఎటు పోతుందో కనపడాలని రెక్కకు ముందు ఊదుబత్తి పెట్టేవాళ్ళం. దాని పొగ నిటారుగా లేస్తోంది. అంటే లోపల గాలి లేదు. వాచీ చూసి లెక్కపెట్టాను. ఫ్యాను ఫుల్ స్పీడులో ఉన్నప్పుడు నిమిషానికి ఎన్నిసార్లు ఊగేదో, సరిగ్గా అన్నిసార్లే. మూత తీసి వేలు అడ్డం పెట్టాను. రెక్క వేలిని నెట్టింది. వేలు తీసేశాను. మళ్ళీ ఊగింది.

దాదాపు పావుగంటకు దానంతటదే ఆగింది. బేరింగు విప్పి చూశాను. ఏ లోపమూ లేదు.

ఆదివారం ధర్మవరం వెళ్ళాను. మస్తాన్ ఇంటి ముందర పట్టు నూలుకు రంగు వేస్తున్నాడు. చూసిందంతా చెప్పాను. చేతులు తుడుచుకుంటూ విన్నాడు.

"ఈ మాట ప్రిన్సిపాల్ ముందర చెప్తారా సార్?"

చెప్తానన్నాను.

చెప్పలేదు. స్టాఫ్ రూములో వాళ్ళు ఎలా నవ్వుతారో నాకు బాగా తెలుసు. నేను నేర్పిన నవ్వే అది. గాలి లేకుండా ఆ రెక్కను ఊపిందేమిటో మాత్రం ఈ రోజుకీ తెలియదు.