వణికింది కాలా, చక్రమా?

తోమాసు వయసంతా ధాన్యం లారీల మీదే గడిచింది. అరవై దగ్గరపడ్డాక మచిలీపట్నంలో సుభాషిణి గారి పాత చిన్న కారుకు డ్రైవరయ్యాడు. ఆమెకు హంసలదీవి దారిలో రొయ్యల చెరువులున్నాయి. ఆ ఉప్పుగాలిలోకి వెళ్లి రావడమే కారుకు ముఖ్యమైన పని. చేతిలో స్టీరింగు లేని తోమాసును భార్య ప్రేమమ్మ కూడా ఊహించలేదు. అతను అసలే ఊహించలేడు.

2002 వేసవిలో కారుకు ఒక జబ్బు పట్టుకుంది. వేగంగా వెళ్తూ బ్రేకు తొక్కితే స్టీరింగు జలదరించేది, పెడలు అరికాలిని టకటకా తన్నేది. గుడివాడలో మెకానిక్కు గంగన్న బ్రేకు ప్యాడ్లు మార్చాడు. కొన్నాళ్లు సర్దుకుని మళ్లీ మొదలైంది. ఈసారి ముందు చక్రాల డిస్కులు రెండూ కొత్తవి వేశాడు. అవి పళ్లేల్లాంటి ఇనుప బిళ్లలు. ప్యాడ్లు వాటిని రెండువైపులా నొక్కిపడితేనే చక్రం ఆగుతుంది. వానలు పడేనాటికి మళ్లీ అదే వణుకు.

“కొత్త సామాను వేశాక ఇంక బండిలో ఏముంటదండీ?” అన్నాడు గంగన్న. అది అన్యాయమైన మాట కాదు. చూడగలిగినంతా అతను చూశాడు. అయితే బండిలో లేని లోపం ఎక్కడున్నట్టు?

దానికి సుభాషిణి గారి తమ్ముడు బాబీ జవాబు చెప్పాడు. “అక్కా, తోమాసు గారి కాలు వణుకుతోంది. వయసైపోయింది మరి. నేను నడిపి చూపిస్తానుండు.”

కోనేరు సెంటరు చుట్టూ తిప్పి, నాలుగుచోట్ల బ్రేకు వేశాడు. కారు ఎక్కడా వణకలేదు. “చూశావా, వెన్నలా ఆగింది!”

సాక్ష్యం బలంగానే కనిపించింది. రిక్షాల మధ్య ఆ కారు ఎంత వేగం అందుకుందని మాత్రం ఎవరూ అడగలేదు. దసరా వెళ్లాక వేరే డ్రైవరును చూసుకుంటానని సుభాషిణి గారు కష్టంగానే చెప్పారు.

ఎదురు చెప్పడానికి తోమాసుకే తన కాలి మీద నమ్మకం లేదు. ఆదివారం చర్చిలో అందరూ కళ్లు మూసుకుని ప్రార్థిస్తుంటే అతను తన కుడికాలి వంకే చూస్తూ నిలబడ్డాడు.

“పెడలు నా కాలిని వణికిస్తందా, నా కాలే పెడల్ని వణికిస్తందా? తొక్కినప్పుడు రెండూ ఒకటే అయిపోతయ్యే,” అన్నాడు ఇంటికొచ్చి.

ప్రేమమ్మ అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి, గ్లాసు నిండా నీళ్లు పోసి మోకాలి మీద పెట్టింది. “చుక్క ఒలికిందా?”

“ఊరికే ఉన్న కాలు కదే ఇది. బ్రేకు మీద ఉన్నప్పటి సంగతేంటి?”

“అయితే ఆ బ్రేకు పీక్కొచ్చి ఇంట్లో పెట్టు, అదీ చూస్తా!”

దసరాకు ముందు చెరువుల నుంచి తిరిగి వస్తూ, చల్లపల్లి దాటి రోడ్డు ఖాళీ అయ్యాక తోమాసు కారు పక్కకు ఆపాడు. “అమ్మగారూ, ఒక్కసారి మీరు నడపండి. నేను చెప్పిందాకా స్పీడు తగ్గించొద్దు.”

అతను రెండు చేతులతో మోకాళ్లు పట్టుకుని పక్కసీట్లో కూర్చున్నాడు. ముల్లు డెబ్బై దాటాక “తొక్కండమ్మా” అన్నాడు. స్టీరింగు ఆమె చేతుల్లో గజగజలాడింది.

“తోమాసు గారూ! నాకు నలభై కూడా నిండలేదండీ. నా కాలూ ముసలిదైపోయిందా?”

అతను నవ్వబోయి ఆగిపోయాడు. కాలు కాదన్నది తేలింది. మరి కొత్త డిస్కులకు ఏమొచ్చింది? ఊరి ముందు కాలవ దగ్గర ఆ ఆలోచనలోనే దిగి, అలవాటు ప్రకారం బకెట్టు ముంచి ముందు చక్రం మీద గుమ్మరించాడు. చుయ్‌మని ఆవిరి లేచింది.

సముద్రం దాకా వెళ్లిన బండిని ఉప్పు కడగకుండా ఇంటికి తేవడం దివిసీమ దారిలో డ్రైవర్లకు నామోషీ. ఎప్పుడూ వెనకసీట్లో కునుకు తీసే సుభాషిణి గారు ఆ ఆవిరిని మొదటిసారి చూశారు.

“ప్రతిసారీ ఇంత వేడి మీదే పోస్తారా?”

“ఉప్పు ఇనుమును తినేస్తదమ్మా. కొత్తవి వేశాక ఇంకా జాగ్రత్తగా పోస్తన్నా. మా ఇంటిది కాలిన పెనం మీద నీళ్లు పడనివ్వదు గానీ, వంగిపోద్దని...” రెండో బకెట్టు చేతిలోనే ఉండిపోయింది.

గంగన్న కొలిచి చూసి, డిస్కులు వెంట్రుకవాసి వంకర తిరిగాయన్నాడు. నీళ్ల వల్ల కావచ్చని అతని మాట. నాసిరకం ఇనుమని బాబీ మాట. రెండింటికీ అవకాశముంది. అయితే డిస్కులను లేతు మిషను మీద చదును చేయించి, చక్రాలు చల్లారాకే కడగడం మొదలుపెట్టాక మరుసటి వేసవి దాటినా వణుకు తిరిగి రాలేదు. ఇది పూర్తి రుజువు కాదు. తోమాసు ఉద్యోగం నిలబెట్టడానికి మాత్రం చాలింది. దసరా తరువాత కొత్త డ్రైవరు ఎవరూ రాలేదు.

ఇప్పుడు కాలవ గట్టున తోమాసు బోర్లించిన బకెట్టు మీద కూర్చుని ఎదురుచూస్తాడు.

“పొద్దుపోతోందండీ, ఇంకా ఎంతసేపు?” అంటారు సుభాషిణి గారు.

“చక్రం ఇంకా కోపంగానే ఉందమ్మా,” అంటాడు, తన కుడికాలి వంక ఒకసారి అనుమానంగా చూసుకుంటూ.