రేటు ఒకటే అని కొన్న పెద్ద ఫ్రేము

ఆదివారం పొద్దున్నే నేను హిందూపురం నుంచి, మా బామ్మర్ది ధర్మవరం నుంచి సైకిళ్ల మీద బయల్దేరి పెనుకొండలో కలుసుకుంటాం. కొండ కింద టీ అంగడికి ఎవరు ముందు చేరితే వాళ్లు రెండు టీలు చెబుతారు. ఓపిక ఉంటే కోట దారిలో కొంత దూరం పైకి తొక్కుతాం, లేకపోతే కబుర్లు చెప్పుకుని ఎవరి దారిన వాళ్లం వెనక్కి తిరుగుతాం. వారమంతా ఆఫీసు కుర్చీలో ఉండే నాకూ, మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చునే అతనికీ ఒళ్లు సాగే పూట అదొక్కటే. ఈ అలవాటు మధ్యలో ఏడాది పాటు ఆగిపోయింది. ఆపింది నేనే.

నా పాత సైకిలు ఫ్రేము తుప్పు పట్టి పెడళ్ల దగ్గర విరిగింది. చక్రాలు, గేర్లు, బ్రేకులు బాగానే ఉన్నాయి. వాటిని పారేయడానికి మనసొప్పక ఉత్త ఫ్రేము కోసం వెతుకుతుంటే బామ్మర్ది ఫోనులో చూసి పట్టాడు. మౌంటెన్ బైక్ ఫ్రేము, ఎవరూ విని ఉండని పేరు, పేరున్న వాటితో పోలిస్తే చాలా చవక. తన సైకిలూ పాతబడింది కాబట్టి ఇద్దరికీ తెప్పిస్తానన్నాడు.

"బావా, ఒకటి పెద్ద సైజు, ఒకటి మీడియం మిగిలినాయి. నీకేది?"

"రేటు తేడా ఎంత?"

"రెండూ ఒకటే రేటు."

"అట్లయితే నాకు పెద్దది పెట్టు."

అతను కొంచెం ఆగి, "సరే బావా" అన్నాడు. ఆ ఆగడాన్ని నేను పట్టించుకోలేదు.

మా అమ్మ బడి నిక్కర్లు రెండేళ్లు వచ్చేట్టు వదులుగా కుట్టించేది. చెప్పులు కూడా వేలెడు పెద్దవే. అవే దుడ్లకు ఎక్కువ గుడ్డ వస్తుంటే చిన్నది అడిగేవాడికి తెలివి లేదని మా ఇంట్లో అందరి నమ్మకం. యాభై దాటిన నేను సైకిలు ఫ్రేమును కూడా అదే నమ్మకంతో తీసుకున్నాను.

బిగించి తొక్కితే హ్యాండిలు అందుకోవడానికి ముందుకు సాగిలపడాల్సి వచ్చింది. మెడ పట్టేసేది, నడుము పట్టేసేది. ఆపితే కాలు నేలకు ఆనేది కాదు. ఒక ఆదివారం కోట దారిలో మేకలు అడ్డం వస్తే బ్రేకు వేసి, కాలు అందక, మెల్లగా పక్కకు ఒరిగిపోయాను. మేకలు తోలే ఆమె కర్ర ఆనించుకుని నిలబడి, "నిదానంగా లెయ్యప్పా, చూసినోళ్లు మేకలే" అంది.

తర్వాత బామ్మర్ది కొత్త ఇంటి గృహప్రవేశం వచ్చింది. భోజనాల పంక్తిలో నా పక్కన, బామ్మర్దితో కలిసి మగ్గం నేసే స్నేహితుడు కూర్చున్నాడు. "మేమూ అట్లాంటి ఫ్రేములు తెప్పించుకుందామనుకుంటాండాం. ఎట్లుండాది సార్ మీది?" అని అడిగాడు.

"వద్దు. వంకర ఫ్రేము. మా బామ్మర్ది మాట విని మోసపోయినా" అన్నాను, పంక్తి అంతా వినేట్టు.

బామ్మర్ది అప్పుడు పప్పు వడ్డిస్తున్నాడు. తన ఇల్లు, తన చుట్టాలు, తన పండగ. నా ఆకులో పప్పు వేసి పక్క ఆకు దగ్గరికి పోయాడు. ఆ వారం పెనుకొండకు రాలేదు. ఫోను చేస్తే మగ్గం మీద పని ఉందన్నాడు. ఆ పై వారం కూడా అదే మాట. నష్టపోయింది నేనైతే కోపం అతనికెందుకని నేనూ బిగుసుకుని, సైకిలును వసారాలో గోడకు ఆనించేశాను.

ఏడాది తర్వాత వాళ్లక్కకు, అంటే నా భార్యకు, చీర ఇచ్చిపోవడానికి బస్సులో మా ఇంటికి వచ్చాడు. దుమ్ము పట్టిన సైకిలును చూసి, "వంకర యాడ ఉండాదో నేనూ చూస్తా బావా" అని గాలి కొట్టి వీధిలోకి తీసుకుపోయాడు. చాలాసేపటికి వచ్చి గేటు దగ్గర ఆపాడు. సీటు మీద కూర్చునే ఉన్నాడు, కాళ్లు హాయిగా నేల మీద ఉన్నాయి. అతను నాకంటే జానెడు పొడుగని పెళ్లినాటి నుంచి తెలుసు. ఫ్రేము కోరుకునేటప్పుడు మాత్రం గుర్తు రాలేదు.

"వంకర ఏమీ లేదు. నాకు అచ్చంగా సరిపోతాది" అన్నాడు.

"మరి నీది?"

"తొక్కితే మోకాళ్లు హ్యాండిలుకు కొట్టుకుంటాయి."

"ముందే చెప్పకపోతివే."

"బావ నోరు తెరిచి అడిగినంక ఏం చెప్పేది?"

నా భార్య గడపలో నిలబడి అంతా వింటోంది. "నీకు పెద్దది ఎందుకు కావాల్సి వచ్చింది?" అని నన్ను అడిగింది.

"రేటు ఒకటే కదా అని."

"నిక్కరైతే మడిచి కుట్టుకుంటాం. సైకిలును యాడ మడుస్తావు?"

"బావ ఇంకా పెరుగుతాడేమో అనుకుంటినక్కా."

"పెరుగుతానే ఉండాడు, అడ్డంగా."

ముగ్గురం నవ్వాం. ఆ నవ్వులో నేను చెప్పాల్సిన మాట తప్పించుకున్నాను. సైకిళ్లు మార్చుకుందామని అతను అంటే, అప్పుడు కూడా నా మనసు గేర్ల మీదికి పోయింది. నావి అతనివాటి కంటే మంచివి. కాసేపటికి గానీ "సరే, ఆదివారం పెనుకొండలో మార్చుకుందాం" అనలేకపోయాను.

ఆ ఆదివారం టీ అంగడి దగ్గరికి అతనితో పాటు పంక్తిలో నన్ను అడిగిన స్నేహితుడు కూడా పాత సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు. నేను మూడో టీ చెప్పి బామ్మర్ది సైకిలు ఎక్కి చూశాను. మెడ చాచే పని లేదు, రెండు కాళ్లూ నేలకు ఆనాయి.

"ఏం సార్, వంకర ఫ్రేమంటిరి. ఇప్పుడు దాన్నే మావోనికి అంటగడతాండారే" అన్నాడు స్నేహితుడు.

బామ్మర్ది తల వంచుకుని టీ ఊదుకున్నాడు. ఏదో ఒకటి చెప్పి దాటేస్తే అతను ఈసారి కూడా ఏమీ అనడని, వచ్చే వారం మాత్రం రాడని నాకు తెలుసు.

"అది వంకరది కాదప్పా. అది పొడుగోళ్ల సైజు. రేటు ఒకటే అని ఆశపడి నేను లాక్కుంటి. నాకు సరిపోయేది ఈయన తీసుకుని ఏడాదిగా మోకాళ్లు కొట్టుకుంటాండాడు. ఆ పొద్దు పంక్తిలో నేను చెప్పింది తప్పు" అన్నాను.

"అయితే కొనచ్చా?"

"కొను. బరువెక్కువ, రంగు తొందరగా లేస్తాది. అతుకులు మాత్రం గట్టిగా ఉండాయి, కొండ దారిలో కూడా యాడా చిట్లలేదు. నీ ఎత్తుకు తగింది ఉంటేనే తీసుకో. లేదంటే చవకైనా దండగే."

బామ్మర్ది గ్లాసు కింద పెట్టాడు. "ఫ్రేమును తిడితే తిడితివి బావా, నన్నెందుకు తిడితివి?"

"తప్పైపోయింది లే."

"టీ తాగు, చల్లారిపోతాంది. వచ్చే వారం ఈడికేనా?"

"నువ్వు ఇంత దూరం రావద్దు. నేనే పెనుకొండ దాటి ఎర్రమంచి దాకా వస్తా."

"అబ్బో, కాళ్లు ఆనినాయని ఎంత ధైర్యం" అని ఇన్నాళ్లూ నాదైన పెద్ద సైకిలు ఎక్కాడు. గేర్లు ఒకటొకటిగా మార్చి చూసుకుంటూ ధర్మవరం దారిలో పోతుంటే, ఆ గేర్లు కూడా అతని దగ్గరే బాగున్నాయనిపించింది.