నేను రాసిన కృతజ్ఞతల కాగితం

ఆమెను సూపర్‌వైజర్‌ని చేశారన్న కబురు నాకు మొదట తెచ్చింది కాజాల మిషను మీద పనిచేసే అత్త. సౌతాఫ్రికాలోని ఒట్టావా అనే ఊళ్ళో మా ఇంటికి రెండిళ్ళ అవతల ఉండేది. అందరం మొదటిసారి ఓట్లు వేసిన ఏడాది, జూన్ నెల, మాకు చలికాలం. పొద్దున్నే ఫ్యాక్టరీ బస్సు కోసం నిలబడి ఉన్నాం.

"ఏటే అమ్మడూ, ఇన్నావా? నీ పక్క మిషనుదాన్ని మన లైనుకి సూపర్‌వైజర్ సేసారంట. ఇంక నువ్వు దానికి ఎస్ మేడం అనాల."

"ఎవరన్నారత్తా?"

"ఆఫీసులో టీ ఇచ్చే మనిషి సెప్పింది. ఆడది, అందులోనూ జులూ మనిషి. మన మగోళ్ళు ఊరుకుంతారేటి?"

"బాగుంది. దేవుడు చల్లగా చూడాలి," అన్నాను. ఆ మాట నోటి వరకే. పదకొండేళ్ళుగా నేనూ అవే కాలర్లు కుడుతున్నాను కదా, నన్నెవరూ అడగలేదేం అనిపించింది లోపల. పొద్దున దీపం వెలిగించిన నూనె వాసన చేతులకి ఇంకా అలాగే ఉంది.

మాది చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీ. మా లైనులో ముప్పై మంది ఆడవాళ్ళం. సగం మా ఇండియా వాళ్ళు, సగం జులూ వాళ్ళు. సూపర్‌వైజర్లూ, కటింగ్ గదిలో వాళ్ళూ, మేనేజరూ అందరూ మగవాళ్ళే. కాలరు మొన చిరగకుండా తిరగేయడం నాకు నేర్పింది ఆమే. ఇంగ్లీషూ జులూ కలిపి మాట్లాడుకునేవాళ్ళం. నన్ను "సిసీ" అని పిలిచేది. వాళ్ళ భాషలో అక్క అని.

మా లైను చివర మేకుకి ఒక చెక్క బిళ్ళ వేలాడుతుండేది. దొడ్డికి వెళ్ళాలంటే ఆ బిళ్ళ తీసుకుని వెళ్ళాలి. ముప్పై మందికీ అదొక్కటే. ఒకరు తిరిగొచ్చేదాకా ఇంకొకరు ఆగాల్సిందే, కడుపుతో ఉన్నవాళ్ళయినా సరే. మేనేజరు తలుపు దగ్గర గడియారం చూస్తూ నిలబడేవాడు. సూపర్‌వైజర్ అయిన మొదటి రోజునే ఆమె ఆ బిళ్ళ తీసి తన ఏప్రన్ జేబులో వేసుకుంది. "మీరు చిన్నపిల్లలు కాదు. వెళ్ళాలనిపిస్తే లేచి వెళ్ళండి," అంది.

అది మగవాళ్ళకి నచ్చలేదు. కటింగ్ గది నుంచి మా లైనుకి రావలసిన బట్టల కట్టలు ఆలస్యంగా రావడం మొదలైంది. మేం చేతులు ముడుచుకుని కూర్చునేవాళ్ళం. సాయంత్రం మేనేజరు మైకులో, "మహారాణిగారి లైను ఇవాళ కూడా వెనకే," అనేవాడు. హాలంతా నవ్వేది. నేను తల వంచుకునేదాన్ని. కానీ నవ్వలేదని మాత్రం చెప్పలేను.

ఏ కట్ట ఎన్ని గంటలకు వచ్చిందో ఆమె నాలుగు నెలలు నోటుబుక్కులో రాసుకుంది. దాన్ని పట్టుకుని పెద్దాఫీసుకి ఫిర్యాదు చేసింది. జనవరిలో విచారణ అన్నారు. ఫిర్యాదు నిలబడకపోతే తన పదవి పోతుందని ఆమెకి తెలుసు, మా అందరికీ తెలుసు.

"సిసీ, కట్టలు ఎప్పుడొచ్చేవో నువ్వు చూశావు. నువ్వు దేవుడి మనిషివి, నీ మాట నమ్ముతారు. చూసింది చూసినట్టు చెప్పు, చాలు."

"చెప్తాను," అన్నాను.

ఇక్కడ మేనేజరు గురించి కూడా ఒక మాట చెప్పాలి. మా ఆయన పనిలో కుప్పకూలిన రోజు నన్ను తన కారులో ఆసుపత్రికి తీసుకెళ్ళింది ఆయనే. వారం రోజులు పనికి రానక్కర్లేదన్నాడు. అది నేను మరిచిపోలేదు, మరిచిపోకూడదు కూడా. ప్రతి డిసెంబరులో ఫ్యాక్టరీ మూసే రోజున అందరి తరఫునా ప్రార్థన చేసి, కృతజ్ఞతలు చెప్పేది నేనే. ఆ ఏడాది ఆయన నా మిషను దగ్గరికొచ్చి, "ఆంటీ, ఈసారి రాసి తెండి. మంచి మాటలు దాచుకోవాలి," అన్నాడు.

నేను బడికి వెళ్ళినదాన్ని కాదు. తెలుగు అక్షరాలు నాన్న భజన పుస్తకంలో చూపించి నేర్పాడు. ఇంగ్లీషు పాత పేపర్ల మీద. అలాంటి నన్ను ఒకరు రాసి ఇమ్మని అడిగారు. పొంగిపోయాను. శనివారం ఒక్కపొద్దు ఉండి, వంటింటి బల్ల మీద ఇంగ్లీషులో నాలుగుసార్లు తిరగరాశాను. "మమ్మల్ని తండ్రిలా చూసుకున్నారు. మా లైను ఆడవాళ్ళకి ఏ లోటూ రానివ్వలేదు." రాస్తున్నప్పుడు ఆమె గుర్తుకు రాకపోలేదు. కృతజ్ఞత వేరు, ఫిర్యాదు వేరు అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

విచారణ రోజు బల్ల వెనక ముగ్గురు మగవాళ్ళు. పక్క కుర్చీలో ఆమె, ఒళ్ళో నోటుబుక్కు. ఫ్యాక్టరీ మూసే రోజున నేను చదివి ఇచ్చిన కాగితాన్ని మేనేజరు బల్ల మీద పెట్టాడు.

"ఇది మీ చేతిరాతేనా?" అని బల్ల వెనక మధ్యలో ఉన్నాయన అడిగాడు.

"అవునండి."

"ఇందులో రాసినదంతా నిజమేనా?"

ఆయన నాకు మంచి చేశారండి, కట్టలు మాత్రం ఆలస్యంగానే వచ్చేవండి. ఆ రెండు మాటలూ నిజమే. రెండూ చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? నేను నా అక్షరాలకేసి చూస్తూ కూర్చున్నాను. గుండ్రంగా, వంకర లేకుండా ఉన్నాయి.

"అవునండి," అన్నాను.

కట్టల సంగతి నన్ను ఎవరూ అడగలేదు. నేనూ ఎత్తలేదు. ఆమె నోటుబుక్కు మూసేసింది.

వారం తిరక్కుండా ఆమె మళ్ళీ నా పక్క మిషను దగ్గరికి వచ్చింది. చెక్క బిళ్ళ మేకు మీదకి వచ్చింది. "నువ్వేటి సేస్తావులేవే. అది పెద్దోళ్ళ గొడవ," అంది అత్త బస్సులో. ఆ మాట పట్టుకుని కొన్నాళ్ళు నెట్టుకొచ్చాను.

ఆమె వచ్చిన మొదటి రోజు టీ వేళ. ఎప్పటిలాగే పేపరు పొట్లం విప్పింది. ఉడికించిన అమదుంబే, అంటే మన చేమదుంపే. విరిచి సగం నా మిషను మీద పెట్టింది.

"తిను సిసీ, చల్లారిపోతుంది."

"థాంక్యూ," అన్నాను, అలవాటుగా.

ఆమె కొంచెం నవ్వింది. "థాంక్యూ నువ్వు బాగా చెప్తావు," అంది. అంతే, మళ్ళీ ఆ ఊసెత్తలేదు. ఈస్టరు దాకా నా పక్కనే కుట్టి, తర్వాత పని మానేసి కొండల వైపు వాళ్ళ ఊరికి వెళ్ళిపోయింది. అన్నాళ్ళు పక్కపక్కనే కూర్చుని కూడా నేను క్షమించమని అడగలేదు.

ఇప్పటికీ పొద్దున దీపం పెట్టి, నాకు మేలు చేసినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటీ చెప్పుకుంటాను. మేనేజరు పేరు కూడా చెప్తాను. ఆమె పేరు దగ్గరికి వచ్చేసరికి దీపం వత్తి సరిచేస్తాను. ఆ పేరు ఇక్కడ రాయడం లేదు. ఆమెను అడగకుండా ఆమె మీదకి ఒక కాగితం తెచ్చాను, ఇంకొకటి తేలేను. చదివినవాళ్ళని ఒక్కటే కోరుతున్నాను. పని మధ్యలో మీరు ఎవరినీ అడగకుండా లేచి వెళ్ళగలిగినప్పుడు, ఏడు నెలలు ఆ చెక్క బిళ్ళని తన జేబులో దాచి ఉంచిన ఆమెను ఒక్కసారి తలుచుకోండి.