అక్క చేనుకు తోలిన మట్టి

బాలనర్సయ్య మీద నాకు ఇప్పటికీ కోపం పోలేదు. చెడ్డవాడైతే ఎప్పుడో మరిచిపోయేవాణ్ణి.

తొంభై మూడులో, బిచ్కుందవైపు సోయా బాగా పండుతోందని విని, ఎల్లారెడ్డి దగ్గర మా ఊళ్లో మొదట విత్తినవాడు ఆయనే. అంతకుముందు ఆ చేన్లో నాలుగేళ్లు వంకాయ పండించాడు. సోయా వేర్లకు బుడిపెలుంటే మొక్కకు బలమనీ, కొత్తగా వేసే చేనుకు సోయా పండిన చేని మట్టి కొంత చల్లితే ఆ బుడిపెలు వస్తాయనీ వ్యవసాయ శాఖ మీటింగులో ఒక అధికారి చెప్పాడు. బాలనర్సయ్య ఆ మాట గట్టిగా పట్టుకున్నాడు.

మొదటి ఏడే ఆకుల మీద పసుపు మచ్చలు లేచాయి. పల్లాకు తెగులు, తెల్లదోమ తెచ్చే వైరస్ అన్నారు. పంట సగమే చేతికొచ్చింది. ఈయన మాత్రం మొక్క పీకి ఊరందరికీ వేరు చూపించాడు.

"కాయ తక్కువైతే ఏమాయె, బుడిపెలు జూడుండ్రి. భూమి మంచిగున్నది."

మరుసటి ఏడు ఆయన అక్క పోచవ్వ కూడా సోయా వేస్తానంది. ఆమెకున్నది ఒక్క ఎకరం, ఏడాది తిండి దానిమీదే. అడగకముందే ఈయన తన చేని మట్టి రెండు బండ్లు తోలాడు.

ఆగస్టు దాటినా పోచవ్వ చేను మోకాలెత్తు రాలేదు. పల్లాకు చుట్టుపక్కల చేలకూ వచ్చింది కానీ అవి ఎంతో కొంత కాశాయి. ఈమె చేన్లో అన్నీ తాలు కాయలే. విసుగెత్తి, నేనే ఆయన్ను మొక్కలతో సహా కామారెడ్డి లాక్కెళ్లాను. అక్కడి అధికారి బుడిపెను గోటితో గీకాడు. ఊడలేదు. చల్లిన మట్టి ఎక్కడిది, ఆ చేన్లో ముందు ఏం పండించారని అడిగి తెలుసుకున్నాడు.

"మంచి బుడిపె గోటికి ఊడొస్తది. ఇది వేరుకు అంటింది కాదు, లోపల కంటికి కనవడని నులిపురుగులు చేరి వేరు ఉబ్బింది. వంకాయ తోటల పుట్టినయి. ఒక్క వైరస్ అయితే మొక్క కొంతన్న తట్టుకుంటుండె. పైన ఆకు పాయె, కింద వేరు పాయె, ఇంకేం కాస్తది?"

రెండేళ్లు తెల్లదోమను తిట్టుకుంటూ మందు కొట్టాం. చేతిలో ఉన్న వేరును ఒక్కరం గీకి చూడలేదు. నాకు తల బాదుకోవాలనిపించింది.

తిరిగొచ్చి ఆయన అక్కకు అంతా చెప్పాడు. ఆమె కోప్పడలేదు.

"దోమ వచ్చే ఏడు రాకపోవచ్చు తమ్మీ. మరి గీ పురుగు?"

"మట్టిలనే ఉంటదట."

"అయితే నువ్వు పోసిన మట్టి ఎత్తి పారేద్దాం. ఏడేడ పోసినవ్?"



"కుప్పలు కుప్పలుంటే బాగుండదని, అడ్డం నిలువు గుంటుక తోలి చేనంతా కలిపిన అక్కా."