చెవి దగ్గర ఊపి చూసే పిల్ల

మా ఆయన పోయాక పన్నెండేళ్ళు ముక్తేశ్వరం దగ్గర కొబ్బరికాయల కొట్టులో కాయలు ఏరేను. ఇప్పుడు మా ఊరి అంగన్‌వాడీలో ఆయాని. సంతకం పెట్టడం తప్ప చదువు లేదు నాకు. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. మాట మోటుగా ఉంటే అది నాది, అక్షరం తప్పుంటే అది దానిది.

మా టీచరమ్మ గారి గురించి చెప్పాలి. ఆవిడ పిల్లలకి కొన్న బొమ్మలు ఇవ్వరు. చెంచాలు, సీసా మూతలు, కొబ్బరి చిప్పలు, పాత దువ్వెనలు చాప మీద కుప్ప పోసి, "ఏవి వేటితో కలుస్తాయో చూసి పెట్టండమ్మా" అంటారు. అంతే, ఇంక నోరు మెదపరు. ఒకడు వంటింటివన్నీ ఒకచోట చేరుస్తాడు. ఒకతె గుండ్రటివన్నీ ఏరుతుంది. "ఇవెందుకు కలిపేవు నాన్నా?" అని అడిగి, వాడు ముక్కు తుడుచుకుని, చొక్కా సర్దుకుని, దిక్కులు చూసి, చెప్పేదాకా కూర్చుంటారు. నేనైతే ఆపాటికి వీపు మీద ఒకటి వేసేద్దును. ఆ ఓపిక నేనింకెక్కడా చూళ్ళేదు.

పోయినేడు ఒక పిల్ల చేరింది. మూడున్నరేళ్ళు. తండ్రి కువైట్లో డ్రైవరు. తల్లి, నేను మానేసిన కొట్టులోనే కాయలు ఏరుతుంది. పిల్లకి మాట రాలేదు, పిలిస్తే తిరగదు. "చెవిటిదాన్ని కన్నావు" అని అత్తగారు కోడల్ని దెప్పని రోజు లేదు. ఒక పొద్దున్న పిల్లని దింపుతూ ఆ తల్లి గుమ్మంలోనే నా చెయ్యి పట్టుకుంది.

"పిన్నిగారండీ, సోమవారం అమలాపురంలో చెవుల డాక్టరు గారికి చూపిస్తున్నామండీ. నిజంగా చెవుడే అంటే నేనేం చెయ్యనండీ?"

"ముందు నువ్వు అన్నం తిను" అన్నాను.

ఆ రోజు టీచరమ్మ గారు ఎర్రవీ నీలంవీ చిన్న చిన్న మూతల డబ్బాలు చాప మీద పెట్టేరు. ముందురోజు లెక్కల ఆటకని కొన్నిట్లో చింతపిక్కలు పోసేరు, కొన్ని ఖాళీవి. ఆ సంగతి ఆవిడే మర్చిపోయేరు. పిల్లలంతా ఎర్రవొకవైపు, నీలంవొకవైపు పెట్టేరు. ఈ పిల్ల వంతు వచ్చింది. ఒక్కో డబ్బా తీసి చెవి దగ్గర పెట్టి ఊపడం, రెండు కుప్పల్లో ఏదో ఒకదాన్లో పెట్టడం. ఎరుపూ నీలం కలిసిపోయేయి.

"మళ్ళీ తప్పు పెట్టిందండీ టీచరూ!" అని ఒకడు గంతులేసేడు.

టీచరమ్మ గారు పుస్తకం తీసి "రంగులు తెలియడం లేదు" అని పైకి అనుకుంటూ రాసుకున్నారు. నేను మాత్రం ఆ ఊపడం చూసేను. పన్నెండేళ్ళు నేను చేసిన పనే అది. కాయ ఏడాదిపాటు అటక మీద ఎండితే నీళ్ళు ఇగిరి, లోపలి కొబ్బరి ఊడి గుండులా గలగల్లాడుతుంది. అది కురిడీ. చెవి దగ్గర ఊపి, కురిడీ అయితే ఒక రాశిలో, కాకపోతే ఇంకో రాశిలో వేస్తాం. ఈ పిల్ల ఇక్కడ చేరేదాకా తల్లి పక్కన కూర్చుని రోజూ చూసింది అదే కదా.

చీపురు పారేసి వెళ్ళి ఒక కుప్పలోవి ఊపేను. అన్నీ గలగల. రెండో కుప్పలోవి ఊపేను. ఒక్కటీ పలకలేదు.

"టీచరమ్మ గారూ, ఇది తప్పు పెట్టలేదండీ. మోగేవీ మోగనివీ ఏరిందండీ."

ఆవిడ ఒక్కో డబ్బా ఊపి చూసేరు. "చేతికి కదిలినట్టు తెలిసి పెట్టిందేమో ఆయమ్మా" అన్నారు.

"అయితే చూడండి" అని, పిల్ల వెనక్కి వెళ్ళి పిక్కల డబ్బా ఆడించేను. నా వైపు తిరక్కుండానే మోగే కుప్ప మీద చెయ్యి వేసింది. టీచరమ్మ గారి కళ్ళు నిండేయి.

నేను ఆవిణ్ణి మెచ్చుకునేది ఆ తరవాత చేసిన పనికి. ఆయా చెబితే నేను దిద్దుకోవడమా అనుకోలేదు. పుస్తకంలో రాసింది పిల్లలందరి ముందూ కొట్టేసి, "రంగు చూసి పెట్టమని నేను చెప్పనే లేదు. ఇది సరిగ్గానే పెట్టింది. ఇప్పుడందరూ దీనిలాగా పెట్టండి" అన్నారు. ఇందాక గంతులేసినవాడు రెండు తప్పులు పెట్టేడు. ఈ పిల్ల వాడి చేతిలోంచి లాక్కుని సరిచేసింది.

తల్లి వచ్చేక టీచరమ్మ గారు జరిగింది చెప్పి, "సోమవారం ఆస్పత్రికి తప్పకుండా వెళ్ళండి. మాటెందుకు రాలేదో వాళ్ళే చెప్పాలి. కానీ ఇది వింటోందమ్మా" అన్నారు.

ఆ తల్లి నమ్మలేదు. నేను డబ్బా చేతిలో పెడితే పిల్ల వెనక నిలబడి ఊపింది. పిల్ల తిరిగింది. మళ్ళీ ఊపింది. తిరిగింది. ఇంక ఆపితేనా! నాలుగు, అయిదు. ఆరోసారి పిల్లకి ఒళ్ళుమండింది. లేచొచ్చి తల్లి చేతిలోంచి డబ్బా లాక్కుంది, తన చెవి దగ్గర ఒకసారి ఊపుకుంది, తీసుకెళ్ళి మోగే కుప్పలో పెట్టి తల్లికేసి ఉరిమి చూసింది.

తల్లి వెళ్ళి ఆ కుప్ప పక్కనే చతికిలబడి, "ఆయ్, అక్కడేనమ్మా, అక్కడే" అంది.